టెక్సాస్‌లో సన్‌సెట్ సమీక్ష: బోర్డు రద్దయితే మన లైసెన్సు ఏమవుతుంది, అసలు ఈ సమీక్షతో ఒరిగేదేమిటి?

మీరు అడిగినవి మూడు సంగతులు. మీ వృత్తికి లైసెన్సు ఇచ్చే బోర్డు సన్‌సెట్ సమీక్షకు, అంటే సంస్థను కొనసాగించాలా వద్దా అని గడువుకు ముందు తేల్చే పరిశీలనకు, వచ్చిందని, రద్దు చేస్తారని మీతో పనిచేసేవాళ్లు అంటున్నారు, అదే జరిగితే మీ లైసెన్సు ఏమవుతుందన్నది మొదటిది. ఈ సమీక్ష నిజంగా పనిచేస్తుందా, మొక్కుబడి తంతా అన్నది రెండోది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటిది ఎందుకు లేదన్నది మూడోది. నేను ఆస్టిన్‌లో ఒక రాష్ట్ర లైసెన్సింగ్ సంస్థలో చాలా ఏళ్లు పనిచేశాను. సమీక్షకు లోనయ్యే పక్షాన కూర్చుని దీన్ని చూశాను. అందుకే కాస్త విపులంగా రాస్తున్నాను.

ముందు లైసెన్సు సంగతి. కంగారు పడకండి. సమీక్షకు వచ్చిన సంస్థల్లో చాలా భాగం మార్పులతో కొనసాగుతాయి. కొనసాగించే బిల్లు శాసనసభలో నెగ్గకపోయినా గడువు ముగిసిన మర్నాడే ఆఫీసుకు తాళం పడదు. వ్యవహారాలు చక్కబెట్టుకోవడానికి చట్టం ఒక ఏడాది ఇస్తుంది, ఆ ఏడాదంతా సంస్థ అధికారాలు యథాతథంగా ఉంటాయి. ఎక్కువగా జరిగేది రద్దు కాదు, విలీనం. మనస్తత్వ నిపుణులు, కౌన్సెలర్లు, కుటుంబ చికిత్సకులు, సామాజిక కార్యకర్తల బోర్డులు నాలుగింటినీ 2019 చట్టంతో టెక్సాస్ బిహేవియరల్ హెల్త్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ కిందికి తెచ్చారు. అది సన్‌సెట్ సిఫారసుల నుంచి పుట్టిన ఏర్పాటే. లైసెన్సులు చెల్లుబాటులోనే ఉన్నాయి, ఎవరూ మళ్లీ పరీక్ష రాయాల్సి రాలేదు. కార్యాలయం మారింది, రుసుము కట్టే చోటు మారింది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని వృత్తుల విషయంలో బోర్డుకే కాక లైసెన్సు చట్టానికి కూడా గడువు ఉంటుంది. దాని వల్ల ప్లంబర్లకు ఏం జరిగిందో తర్వాత చెబుతాను.

ఇక ఈ పద్ధతి ఎలా నడుస్తుందో చూద్దాం. సన్‌సెట్ చట్టాన్ని మొదట చేసింది కొలరాడో, 1976లో. టెక్సాస్ 1977లో చేసింది. రాష్ట్రంలో దాదాపు 130 సంస్థలు దీని పరిధిలో ఉన్నాయి. ఒక్కో సంస్థ వంతు ఇంచుమించు 12 ఏళ్లకు ఒకసారి వస్తుంది. సంస్థను ఏర్పరచిన చట్టంలోనే రద్దు తేదీ రాసి ఉంటుంది. ఆ తేదీలోగా ఉభయ సభలు కొత్తగా బిల్లు ఆమోదిస్తేనే సంస్థకు ఆయుష్షు. ఈ పద్ధతికి ప్రాణం ఈ నియమమే. మామూలుగా ఒక ప్రభుత్వ సంస్థను తీసేయాలంటే అది ఎందుకు అక్కర్లేదో మనం రుజువు చేయాలి. ఇక్కడ అది ఎందుకు ఉండాలో సంస్థే చెప్పుకోవాలి. ఎవరూ ఏమీ చేయకుండా ఊరుకుంటే ఓడేది సంస్థే.

సమీక్ష జరిపే సన్‌సెట్ అడ్వైజరీ కమిషన్‌లో 12 మంది సభ్యులు: అయిదుగురు సెనెటర్లు, ప్రతినిధుల సభ నుంచి అయిదుగురు, ప్రజల తరఫున ఇద్దరు. సెనెట్ వైపు వారిని లెఫ్టినెంట్ గవర్నర్, ప్రతినిధుల సభ వైపు వారిని స్పీకర్ నియమిస్తారు. అధ్యక్ష స్థానం రెండు సభల మధ్య మారుతూ ఉంటుంది. అయితే అసలు పని చేసేది కమిషన్ కింద ఉండే చిన్న సిబ్బంది బృందం. వాళ్లు రాజకీయ నియామకాల మీద వచ్చినవాళ్లు కాదు, ఏడాది పొడవునా ఇదే పనిలో ఉండేవాళ్లు. టెక్సాస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో మాత్రమే, అదీ 140 రోజులే సమావేశమవుతుంది. నడుమ ఉన్న కాలమంతా ఈ బృందం సంస్థల్లో తిరుగుతూ, దస్త్రాలు చదువుతూ ఉంటుంది. పన్నెండేళ్లకు ఒకసారైనా ప్రతి సంస్థ కాగితాలనూ బయటివాళ్లు, తీరికగా, మొదటి నుంచి చివరి దాకా చదువుతారన్నమాట. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే.

సంస్థ ముందుగా ఒక స్వీయ మదింపు నివేదిక ఇవ్వాలి. మీ అసలు పని ఏమిటి, ఆ పని ఇంకా అవసరమా, అదే పని మరో సంస్థ చేస్తోందా, ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్నాళ్లలో తేల్చారు, వసూలు చేసే రుసుము ఖర్చుకు తగినట్టు ఉందా, మీరు లేకపోతే ఎవరికి నష్టం వంటి ప్రశ్నలు ఉంటాయి. చదవడానికి తేలిగ్గా కనిపిస్తాయి. రాయడానికి కూర్చుంటే చెమటలు పడతాయి. మా సంస్థలో ఆ నివేదిక రాయాల్సిన బృందంలో నేనూ ఉన్నాను. ఫిర్యాదుల పరిష్కారానికి సగటున ఎన్ని రోజులు పడుతోందో లెక్క తీయమంటే, ఫిర్యాదు అందిన తేదీ ఒక చోట, మూసిన తేదీ మరొక చోట నమోదవుతున్నాయని అప్పుడు తెలిసింది. నడుమ ఏ దశలో ఎన్నాళ్లు ఆగిందో ఎక్కడా లేదు. ఏళ్ల తరబడి ప్రతి మూడు నెలలకూ సగటు లెక్క పై అధికారులకు పంపుతూనే ఉన్నారు. ఆ సగటు వెనక ఏముందని అడిగినవాళ్లు లేరు.

సమీక్షకు వచ్చిన విశ్లేషకురాలు సగటు జోలికే పోలేదు. అన్నిటికంటే పాతబడిన ఫిర్యాదుల దస్త్రాలు తెప్పించుకుని ఒక గదిలో కూర్చుని మొత్తం చదివింది. వాటిలో చాలా వాటిపై విచారణ కొద్ది వారాల్లోనే పూర్తయింది. ఆ తర్వాత అవి ఆగిపోయింది నిపుణుడి అభిప్రాయం కోసం. ఆ నిపుణులు బోర్డు సభ్యులకు తెలిసినవాళ్లు, ఉచితంగా సలహా ఇచ్చే ప్రాక్టీషనర్లు. తీరిక దొరికినప్పుడే దస్త్రం తెరుస్తారు. ఆలస్యానికి కారణం సిబ్బంది తక్కువ కావడమని మేము అప్పటి దాకా బడ్జెట్ కమిటీలకు చెబుతూ వచ్చాం. ఆమె నివేదికలో సిఫారసు ఒక్క వాక్యం: నిపుణుడికి రుసుము చెల్లించండి, అభిప్రాయం ఇవ్వడానికి గడువు పెట్టండి. అది అమలయ్యాక ఫిర్యాదుదారులు మాకు ఫోను చేసి నిలదీసే సందర్భాలు బాగా తగ్గాయి. ఇలాంటి సంస్కరణ పత్రికల్లో వార్త కాదు. సన్‌సెట్ సమీక్ష చేసే మేలులో ఎక్కువ భాగం మాత్రం ఈ కోవకు చెందినదే.

అందుకే ఎన్ని సంస్థలు మూశారన్న లెక్కతో ఈ పద్ధతిని తూచకూడదంటాను. 1977 నుంచి పూర్తిగా రద్దయినవి 40 దాకా ఉంటాయి, ఇతర సంస్థల్లో కలిపేసినవి అంతకంటే ఎక్కువ. అయినా రద్దు అవసరమైన చోట రద్దు చేయగలగడం చిన్న విషయం కాదు. టెక్సాస్ రెసిడెన్షియల్ కన్‌స్ట్రక్షన్ కమిషన్ కథ చూడండి. ఇళ్ల నిర్మాణంపై నియంత్రణ పేరుతో 2003లో ఏర్పాటు చేశారు. కొత్త ఇంటి పునాదిలో పగుళ్లు వచ్చాయి, గోడలు చెమ్మగిల్లాయి అనుకుందాం. యజమాని బిల్డర్‌పై కోర్టుకు వెళ్లే ముందు ఈ కమిషన్ తనిఖీ ప్రక్రియ పూర్తి చేయాల్సిందే. తనిఖీకి నెలలు పడుతుంది. తప్పు బిల్డర్‌దేనని తేలినా, మరమ్మతు చేసి తీరాలని అతన్ని బలవంతపెట్టే అధికారం కమిషన్‌కు లేదు. యజమాని మళ్లీ మొదటికి వచ్చి కోర్టు మెట్లెక్కాలి. 2008లో సన్‌సెట్ సిబ్బంది నివేదిక కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది: ఈ సంస్థ వినియోగదారుడికి రక్షణ కాదు, అడ్డంకి, రద్దు చేయండి. 2009లో కొనసాగింపు బిల్లు గట్టెక్కలేదు. ఏడాది వ్యవధిలో కార్యాలయం మూతపడింది. బిల్డర్ల పలుకుబడి ఎక్కువగా ఉన్న రాష్ట్రంలో, రద్దు తేదీ అనేది లేకపోతే ఆ సంస్థను ఎవరైనా కదిలించగలిగేవారా? నాకు నమ్మకం లేదు.

పెద్ద సంస్థలపై కూడా సిబ్బంది మొహమాటపడకుండా రాయడం చూశాను. పర్యావరణ నాణ్యతా కమిషన్‌పై 2022 నివేదికలో, నియంత్రించడానికే వెనకాడే నియంత్రణ సంస్థ అన్న అర్థంలో రాశారు. 2023 చట్టంలో కొన్ని ఉల్లంఘనలకు రోజువారీ గరిష్ఠ జరిమానా 25,000 డాలర్ల నుంచి 40,000కు పెరిగింది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయి అధికారిక లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. మీరూ ఆ రాత్రులు చలిలో గడిపే ఉంటారు. ఆ తర్వాత పబ్లిక్ యుటిలిటీ కమిషన్ సమీక్షకు వచ్చినప్పుడు, ఇంత పెద్ద విద్యుత్ మార్కెట్‌ను పర్యవేక్షించడానికి తగిన సిబ్బంది, సాంకేతిక నైపుణ్యం ఆ కమిషన్‌కు లేవని నివేదిక చెప్పింది. సమీక్ష అంటే కోత పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. అక్కడ సిబ్బంది చెప్పింది అదనపు వనరులు ఇవ్వమని.

సిఫారసు చేసినంత మాత్రాన అన్నీ జరిగిపోవు. రైల్‌రోడ్ కమిషన్ ఇందుకు ఉదాహరణ. పేరు రైలుదే అయినా అది నియంత్రించేది చమురు, సహజవాయు రంగాలను. రైళ్లతో దానికి మిగిలిన కాస్త సంబంధం 2005లో తెగిపోయింది. పేరు మార్చండి, ఎవరికి ఫిర్యాదు చేయాలో ప్రజలకు తెలియడం లేదు అని సన్‌సెట్ సిబ్బంది పదేపదే చెప్పారు. 2011లో, 2013లో బిల్లులు వీగిపోయాయి. 2017లో బిల్లు నెగ్గింది, పేరు మాత్రం అలాగే ఉంది. చమురు పరిశ్రమకు ఆ పాత పేరే అనుకూలం.

ఇప్పుడు ఈ పద్ధతిలో నన్ను బాధపెట్టే భాగానికి వస్తాను. గడువు తప్పనిసరి కాబట్టి సన్‌సెట్ బిల్లు కూడా తప్పనిసరి. తప్పనిసరి బిల్లు చేతిలో ఉంటే దాన్ని అడ్డుపెట్టుకుని మరేదో సాధించుకోవాలన్న కోరిక రాజకీయ నాయకులకు కలుగుతుంది. 2009లో ఓటరు గుర్తింపు కార్డుల బిల్లుపై ప్రతినిధుల సభలో కాలయాపన సాగి, రవాణా శాఖ కొనసాగింపు బిల్లు సహా చాలా బిల్లులు గడువులోగా తేలలేదు. ఆ సంస్థలను కాపాడటానికి జూలైలో ప్రత్యేక సమావేశం పెట్టాల్సి వచ్చింది. 2017లో ఇంకా ఘోరం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఏ మరుగుదొడ్డి వాడాలన్న బిల్లు కోసం సెనెట్ పట్టుబట్టింది, ప్రతినిధుల సభ ఒప్పుకోలేదు. నడుమ చిక్కుకున్నది టెక్సాస్ మెడికల్ బోర్డు, దానితో పాటు మరో నాలుగు బోర్డులు. రాష్ట్రంలో డాక్టర్లందరికీ లైసెన్సు ఇచ్చే సంస్థ ఆయుష్షు, దానితో ఏ సంబంధమూ లేని తగాదాకు తాకట్టు అయింది. గవర్నర్ జూలై 18 నుంచి ప్రత్యేక సమావేశం పిలిచారు. బోర్డులు బతికాయి, మరుగుదొడ్ల బిల్లు వీగిపోయింది. ఆ వేసవిలో నాకు తెలిసిన రెసిడెంట్ డాక్టర్లు, అందులో మన తెలుగు పిల్లలు కూడా, లైసెన్సు దరఖాస్తులు చేతిలో పట్టుకుని వణికిపోయారు. శాసనకర్తలు దీన్ని ఎత్తుగడ అనుకుని ఉండవచ్చు. నా దృష్టిలో అది ప్రజల పట్ల బాధ్యతారాహిత్యం.

ప్లంబర్ల సంగతి చెబుతానన్నాను కదా. 2019లో ప్లంబింగ్ ఎగ్జామినర్స్ బోర్డును ఎత్తేసి, పనులను లైసెన్సింగ్ అండ్ రెగ్యులేషన్ విభాగానికి అప్పగించాలని సిఫారసు. లైసెన్సులు రావడానికి నెలలు పడుతోందన్నది ప్రధాన కారణం. సమావేశాల చివరి రోజుల్లో బిల్లు వీగిపోయింది. బోర్డుకు ఏడాది వెసులుబాటు ఉన్నా, ప్లంబింగ్ లైసెన్సు చట్టానికే ఆ సెప్టెంబరు 1న కాలం చెల్లే పరిస్థితి వచ్చింది. అంటే ఎవరైనా పానా పట్టుకుని ప్లంబర్‌నని చెప్పుకోవచ్చు. గ్యాస్ గొట్టాలు బిగించే పని కూడా వీళ్లదే కాబట్టి ఇది నవ్వులాట విషయం కాదు. ప్లంబర్లు ఆందోళనకు దిగారు. చివరికి గవర్నర్ జూన్‌లో, హరికేన్ హార్వీ విపత్తు అధికారాల కింద ఉత్తర్వు ఇచ్చి 2021 దాకా బోర్డును నిలబెట్టారు. 2021లో సభ కొనసాగింపు చట్టం చేసింది. మీ వృత్తి చట్టంలో ఇలా లైసెన్సు నిబంధనలకు కూడా గడువు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. బోర్డు రద్దు తేదీ ఉన్న సెక్షన్‌లోనే, లేదా దాని పక్కనే ఉంటుంది.

లాటరీ కమిషన్ ముచ్చట క్లుప్తంగా. 2013 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభ దాని కొనసాగింపు బిల్లును ఓడించింది. బడుల నిధికి ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా అక్కడి నుంచే వస్తుందని గుర్తుకొచ్చి అదే రోజు మళ్లీ ఓటు వేసి ఆమోదించింది. 2025లో, టికెట్లు గంపగుత్తగా కొని జాక్‌పాట్ గెలుచుకోవడం వంటి వివాదాల తర్వాత, శాసనసభ ఆ కమిషన్‌ను రద్దు చేసి లాటరీని లైసెన్సింగ్ అండ్ రెగ్యులేషన్ విభాగానికి అప్పగించింది. ఒక సంస్థపై సభ అభిప్రాయం పన్నెండేళ్లలో ఎంత మారగలదో ఇందులో కనిపిస్తుంది.

ఇతర రాష్ట్రాల అనుభవం కూడా తెలుసుకోవాలి. 1976 నుంచి 1981 లోపు 36 రాష్ట్రాలు సన్‌సెట్ చట్టాలు చేశాయి. వాటిలో చాలా రాష్ట్రాలు తర్వాత రద్దు చేసుకున్నాయి, లేదా పక్కన పెట్టేశాయి. నార్త్ కరోలినా 1981లోనే వదిలేసింది. గడువు పెట్టడం తేలిక. గడువుకు ముందు దస్త్రాలు చదివే మనుషులను పెట్టడం ఖర్చు. ఆ ఖర్చు పెట్టని చోట శాసనకర్తల దగ్గర సమాచారం ఉండదు, సంస్థ చెప్పిందే వేదం అవుతుంది, బిల్లు వరసలో నిలబడి ఆమోదం పొందుతుంది. కొలరాడోలో ఇది నేటికీ నిలిచిందంటే, సమీక్ష రాయడానికి ప్రభుత్వ విభాగంలో ప్రత్యేక కార్యాలయం ఉండటం వల్లే. పైగా అక్కడ కొత్త వృత్తికి లైసెన్సు పెట్టాలన్నా ముందు సమీక్ష జరగాలి. టెక్సాస్ ఆ పని కూడా అంత శ్రద్ధగా చేస్తే బాగుంటుందని నా అభిప్రాయం. అవసరం లేని బోర్డు పుట్టాక చంపడం కంటే పుట్టనివ్వకపోవడం మేలు.

మన రాష్ట్రాల సంగతికి వస్తే, అక్కడ పరిశీలన అసలే లేదనడం సరికాదు. ప్రజా పద్దుల కమిటీ ఉంది, అంచనాల కమిటీ ఉంది, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ ఉంది, కాగ్ నివేదికలు సభ ముందుకు వస్తాయి. లేనిది రద్దు తేదీ. కమిటీ ఎంత గట్టిగా రాసినా, ఆ నివేదికను బుట్టదాఖలు చేస్తే సంస్థకు నష్టం లేదు. మరోవైపు రద్దు చేయాలనుకున్నప్పుడు ప్రభుత్వాలు రాత్రికి రాత్రే చేశాయి. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు ఆర్డినెన్సుతో పోయాయి. 2020 సెప్టెంబరులో తెలంగాణలో వీఆర్వో వ్యవస్థ పోయింది. ఆ నిర్ణయాల మంచిచెడ్డల జోలికి నేను వెళ్లను. అందులో బాధితులైన రైతులు, ఉద్యోగులు ముందుగా ఒక వేదిక మీదికి వచ్చి చెప్పుకునే అవకాశం, దస్త్రాలు చదివి రాసిన బహిరంగ నివేదిక, రెండూ లేవన్నదే నా మాట. 2014 విభజన చట్టం తొమ్మిదో, పదో షెడ్యూళ్లలో కార్పొరేషన్లు, అకాడమీలు, శిక్షణ సంస్థలు చాంతాడంత జాబితాగా బయటపడ్డాయి. ఒకే చోట అన్నిటి పేర్లూ చూసే అరుదైన అవకాశం అది. ఏళ్ల తరబడి ఆస్తులు ఎవరికెంత అన్న చర్చే నడిచింది. ఈ సంస్థ ఇవాళ ఎవరికి ఏం చేస్తోంది అన్న ప్రశ్నకు చోటు దొరకలేదు.

గడువు అంటే మన దేశ చట్టాలకు తెలియనిది కాదు. ఉగ్రవాద నిరోధానికి తెచ్చిన 1987 నాటి టాడా చట్టం రెండేళ్ల గడువుతో వచ్చింది, పొడిగింపులు పొందుతూ వచ్చి, విమర్శలు ముదిరాక 1995లో పొడిగింపు లేక ముగిసిపోయింది. సంస్థలకూ ఇదే నియమం పెట్టాలంటే రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, రాష్ట్ర చట్టంతో ఏర్పడిన సంస్థలకు రాష్ట్ర శాసనసభే గడువు పెట్టగలదు. అయితే చదివే సిబ్బంది లేకుండా గడువు మాత్రం పెడితే, అధికారంలో ఉన్నవాళ్లకు నచ్చని సంస్థను వదిలించుకునే తోవ అవుతుంది. ముందు శాసనసభ సచివాలయాలకు సొంత పరిశోధన సిబ్బంది కావాలి. గడువులు ఆ తర్వాత.

చివరగా, మీరు చేయగలిగింది. సన్‌సెట్ కమిషన్ ప్రతి సంస్థ విషయంలో ప్రజల నుంచి అభిప్రాయాలు తీసుకుంటుంది. సిబ్బంది పరిశీలన మొదట్లోనే పంపితే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ఏ సమస్యల మీద తవ్వాలో వాళ్లు నిర్ణయించుకునేది అప్పుడే. నివేదిక వెలువడ్డాక బహిరంగ విచారణలో మాట్లాడవచ్చు, అక్కడ ఒక్కొక్కరికీ దొరికేది కొద్ది నిమిషాలే. బోర్డు గొప్పదనీ చెడ్డదనీ రాయకండి. మీ దరఖాస్తు ఏ తేదీన పంపారు, ఏ కాగితం కోసం ఆపారు, ఎవరికి ఎన్నిసార్లు రాశారు, జవాబు ఎప్పుడు వచ్చింది, ఆలోగా మీ ఉద్యోగానికి ఏమైంది, ఇవి రాయండి. భారతదేశంలో చదివిన డిగ్రీల మదింపులో ఆలస్యం జరుగుతుంటే అది తప్పకుండా రాయండి, ఇక్కడ చదివిన విశ్లేషకులకు ఆ ఇబ్బంది మనం చెప్తే తప్ప తెలియదు. వృత్తి సంఘాలు తమ ప్రతినిధులను పంపుతాయి, బోర్డు తన లాయర్లను పంపుతుంది. లైసెన్సు కోసం ఎదురుచూసినవాళ్లు, ఫిర్యాదు చేసి విసిగినవాళ్లు రాసే ఉత్తరాలే తక్కువ. అందుకే అవి వచ్చినప్పుడు సిబ్బంది జాగ్రత్తగా చదువుతారు.

ఒకవేళ మీ బోర్డును మరో విభాగంలో కలిపితే, మార్పు జరిగే నెలల్లో మీ చిరునామా, ఈమెయిలు పాత బోర్డు రికార్డుల్లో సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. లైసెన్సు పునరుద్ధరణ తేదీ దగ్గరలో ఉంటే మార్పు తేదీకి ముందే కట్టేసి రసీదు దాచుకోండి. కంప్యూటర్ రికార్డులు ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లేటప్పుడు తేడాలు వస్తాయి, అప్పుడు ఆ రసీదే మీ తరఫున మాట్లాడుతుంది.